రెక్క ముందు కిటికీ

జాలారిపేట, శ్రీకూర్మం దగ్గర
20 జనవరి 2016

గంగులన్నకు చెల్లెలు కూర్మమ్మ రాస్తున్నది.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని తవిటమ్మ వదిన నవ్వుతుంది. నవ్వనీ. ఈ ఇంట్లో ఫోను మా అత్త కొంగున ఉంటుంది. మోగితే చాలు, "నా కొడుకేనేటి?" అంటూ ముందు తన చెవికి పెట్టుకుంటుంది. కాదని తెలిశాక నాకిచ్చి, పక్కనే చతికిలబడి ప్రతి మాటా వింటుంది. మీ పోర్టుబ్లెయిరు లైను సంగతి చెప్పనే అక్కర్లేదు, సగం మాట సముద్రంలోనే పడిపోతుంది. వద్దంటే వినకుండా నువ్వు నన్ను పదో తరగతి దాకా చదివించావు. ఆ చదువు ఇలాగైనా అక్కరకొచ్చింది.

మీ బావ పోయి రెండు నెలలు దాటింది. పోయి అని రాసి కొట్టేశాను, మళ్ళీ అదే రాశాను. నీకు మన పేట పద్ధతి తెలియంది కాదు. శవం దొరకనప్పుడు, చివరగా చూసినవాడు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, దోసిట్లో సముద్రం పట్టుకుని "నా కళ్ళతో సూసినాను" అనాలి. అప్పుడే గాజులు తీస్తారు, దినం చేస్తారు. నువ్వు చూడలేదన్నావు. మీ పడవలో ఉన్నది మీరిద్దరే. అందుకని నేనిప్పుడు ముత్తైదువనీ కాదు, మరొకటీ కాదు. పేరంటానికి పిలవరు. వీధిలో ఎదురైతే చెప్పు సరిచేసుకుంటున్నట్టు ఆగి, నేను వెళ్ళాక కదులుతారు.

అత్త రోజూ మధ్యాహ్నం కొడుక్కి కంచంలో అన్నం పెట్టి మూత వేస్తుంది. సాయంత్రానికి ఎవరూ రాకపోతే కాకులకు వేస్తుంది. కాకులకు వేయడమంటే ఏమిటో ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. పైకి మాత్రం అనుకోం.

అన్నా, నాకు ఆ నీళ్ళు చూడాలని ఉంది. పోయిన ఏడాది మామ పోయినప్పుడు మీ ఇద్దరినీ పడవ యజమాని విమానం ఎక్కించి పంపి, మళ్ళీ విమానంలోనే రప్పించుకున్నాడు చూడు, అది తలుచుకుని మీ బావ ఎన్ని కబుర్లు చెప్పాడో! "ఎడం సెయ్యి కాడ కిటికీ తీసుకోవాలే కూర్మీ. రెక్క ముందర కూకోవాల. ఎనకాల కూకుంటే రెక్కే కనిపిస్తాది, దీవులు కనిపించవు" అని. ఒక చిన్న దీవి అచ్చం తాబేలు వీపులా ఉంటుందట, చుట్టూ సున్నం పూసినట్టు తెల్లటి ఇసుకట. మీరంతా దాన్ని కూర్మం దీవి అంటారట. "మన సామి ఇక్కడ కూడా ఉన్నాడు. నీ పేరు దీవి నీకు సూపిస్తాను" అన్నాడు. నువ్వు మాత్రం రెండుసార్లూ పక్క సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోయావని ఒకటే నవ్వు.

నేను రానా?

కూర్మమ్మ


పోర్టుబ్లెయిరు
3 ఫిబ్రవరి 2016

చెల్లి కూర్మమ్మకు గంగులు దీవెనలు.

నీ ఉత్తరం చూసి మీ వదిన ఏడ్చింది. నేను మాత్రం నవ్వాను, నా నిద్ర సంగతి బావ ఊరంతా చాటాడన్నమాట.

ఇక్కడికి వచ్చి ఏం చూస్తావమ్మా? నీళ్ళేగా. మన పేట ముందర లేని నీళ్ళా? ఆ రోజు జరిగింది ఫోనులో చెప్పాను, మళ్ళీ రాస్తున్నాను, అత్తకు చదివి వినిపించు. ఇంజను ఆగిపోయింది. పెద్ద అల కొట్టింది. బావ, వల, నీళ్ళ డబ్బా, పైన కట్టుకున్న బరకం అన్నీ ఒక్క ఊపుకు పోయాయి. నేను పడవ అంచు పట్టుకుని మిగిలాను. డబ్బా బావ చేతికి దొరకడం చూశాను. తర్వాత చూడలేదు. చూడనిదాన్ని చూశానని దోసిట్లో నీళ్ళు పట్టి చెప్పమంటావా? కళ్ళు పోతాయి.

ధైర్యంగా ఉండు. డబ్బా దొరికినవాడు మునగడు. ఇక్కడ మనవాడొకడు కొట్టుకుపోయి బర్మా గట్టున తేలాడు. రెండేళ్ళు జైల్లో పెట్టి వదిలారు. మీసాలతో వెళ్ళినవాడు గడ్డంతో వచ్చాడు, అంతే. నేను ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. బావ ఫోటో రెండుచోట్ల ఇచ్చాను. అత్తను అన్నం పెట్టడం మాననీయకు.

నువ్వు రావద్దు.

గంగులు


జాలారిపేట
18 ఫిబ్రవరి 2016

అన్నా,

నీ ఉత్తరం అత్తకు చదివాను. "సూసినావా, నాను సెప్పనేదూ! నా కొడుకు సచ్చిపోనేదు, బర్మాలో ఉన్నాడు" అంటూ వీధి వీధంతా తిరిగింది. బర్మా ఎటువైపని అడిగి, ఇప్పుడు కంచం ఆ వైపు తిప్పి పెడుతోంది.

రావద్దన్నావు కానీ నేను టికెట్టు తీయించేశాను. కోపగించుకుంటే అక్కడికి వచ్చాక కోపగించుకో. ఎవరి కాగితాలు ఎవరు చూస్తారు? పెళ్ళాం స్వయంగా వెళ్ళి అడిగితే ఆఫీసులో ఎవరో ఒకరు తలెత్తి చూస్తారు. బర్మా వాళ్ళకు రాయమని కాళ్ళు పట్టుకునైనా అడుగుతాను.

శ్రీకాకుళంలో నెట్ సెంటర్లో పనిచేసే ఉష తీసింది టికెట్టు. ఆ పిల్ల కంప్యూటర్లో విమానం బొమ్మ చూపించింది, పలక మీద గళ్ళు గీసినట్టు ఉంది. "అక్కా, సీటు ఇప్పుడే ఎంచుకోవచ్చు. ఎ అంటే ఎడం కొస, ఎఫ్ అంటే కుడి కొస. నీకేటి గావాల?" అంది. మీ బావ చెప్పినట్టు ఎడం, రెక్క ముందర అన్నాను. ఆ పిల్ల తెలివైంది. "ఎల్లేటప్పుడు ఎడమా, వచ్చేటప్పుడు ఎడమా? మొకం తిరిగితే పక్క మారిపోతాది గదా" అంది. అది నేను అడగనే లేదన్నా. అడగడానికి బోలెడు రోజులున్నాయనుకున్నాను.

మార్చి పదో తారీకు పొద్దుటి విమానం. అయిదో వరస రెక్క ముందే వస్తుందట. ఎ తీసుకోనా, ఎఫ్ తీసుకోనా? ఉష నాలుగు రోజుల్లో చెప్పమంది, నేను నీ మాట వచ్చేదాకా ఆగమన్నాను. ఆ పిల్ల ఫోను నంబరు ఈ కాగితం వెనక రాశాను. ఆ దీవి కళ్ళతో చూస్తే చాలు. ఆయన చూపించినట్టే అనుకుంటాను.

కూర్మమ్మ


పోర్టుబ్లెయిరు
26 ఫిబ్రవరి 2016

చెల్లీ,

వస్తానంటే కాదనేదెవరు? వదిన గది సర్దుతోంది.

ఎఫ్ తీసుకో. బావ ఎడం అన్నది ఇక్కడి నుంచి మన ఊరికి తిరిగి వెళ్ళేటప్పటి మాట. ఇటు వచ్చేటప్పుడు కుడి పక్కే కూర్చోవాలి. ఎడం పక్క కూర్చుంటే పొద్దుటి ఎండ కళ్ళలో కొడుతుంది, ఏమీ కనిపించదు. నిద్రొస్తే నిద్రపో, రెండు గంటల ప్రయాణం.

ఉత్తరం ఆలస్యమవుతుందేమోనని ఉషకు ఫోను చేసి కూడా చెప్పాను. ఎఫ్.

గంగులు


జాలారిపేట
22 మార్చి 2016

అన్నకు, వదినకు,

క్షేమంగా చేరాను. ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువుకో, తర్వాత వదినకు చెప్పు. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే తిట్టుకోకు.

ముందు, వచ్చిన రోజు సంగతి. ఎఫ్‌లో కూర్చున్నాను. రెండు గంటలూ కళ్ళు కిటికీకి అతికించుకుని చూస్తే నీళ్ళు తప్ప ఏమీ లేవు. దిగే ముందు ఎడం పక్కవాళ్ళంతా ఒక్కసారి ఎగబడ్డారు. "అబ్బ, ఎంత బాగున్నాయో!" అని ఫోనులతో ఫోటోలు. నేను లేవబోతే విమానంలో పనిచేసే పిల్ల కూర్చోమంది. వచ్చిన రోజే నీకు చెప్పాను, దీవులు ఎడం పక్కన ఉన్నాయట అన్నా, అని. నువ్వు అన్నం కలుపుకుంటూ "అలాగా" అన్నావు.

నీ ఇంట్లో తొమ్మిది రోజులున్నాను. నాతో ఎన్ని ఆఫీసుల మెట్లెక్కావో, ఎంతమందికి దండం పెట్టావో నేను మర్చిపోను. కానీ అన్నా, తొమ్మిది రోజుల్లో నువ్వు ఒక్కసారి కూడా నా ముఖంలోకి చూడలేదు. నీకూ బాధే కదా అని సరిపెట్టుకున్నాను. బయల్దేరేటప్పుడు వదిన నా జడ అల్లుతూ, "మీ అన్న ఆ దీవులేపు పడవ ఏసుకెల్లడం మానీసినాడు. ఎందుకని అడిగితే లేచి ఎల్లిపోతాడు" అంది.

తిరుగు ప్రయాణానికి నువ్వు ఎడం పక్క కూర్చోమన్నావు. నీకు దిక్కులు కలగాపులగం అయ్యాయనుకున్నాను. కౌంటరు దగ్గర పిల్లను బతిమాలి కుడి పక్క మార్పించుకున్నాను. అయిదో వరస, ఎఫ్, రెక్క ముందర.

విమానం లేచి మలుపు తిరిగింది. ఇంకా బాగా పైకి పోలేదు. మొదట పెద్ద అడవి, తర్వాత చిన్నవి, ఒకటి, రెండు. ఆ తర్వాత వచ్చిందన్నా. తాబేలు వీపు. చుట్టూ తెల్లటి ఇసుక. నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది, పక్కన కూర్చున్న పెద్దాయన "ఏమ్మా, మొదటిసారా?" అన్నాడు.

ఆ ఇసుక మీద నారింజ రంగు చుక్క ఉంది. చుక్క కాదు, గుడ్డ పరిచినట్టు నలుచదరంగా ఉంది. అలలు తెచ్చి పడేసినదైతే ముద్దగా పడి ఉంటుంది కానీ అంత సాఫీగా పరుచుకుని ఉంటుందా? మీ పడవ బరకం నారింజ రంగే. చిరిగితే నేనే ఇక్కడ అంచు కుట్టి పంపాను.

బరకం కూడా ఆయనతోపాటే కొట్టుకుపోయిందన్నావు. అంటే ఆయన ఆ దీవికి చేరాడు. బర్మా కాదన్నా! విమానాలకు కనబడాలని పరిచాడు. అక్కడ తాగడానికి వాన నీళ్ళుంటాయి, చేపలుంటాయి, ఆయనకు బతకడం తెలుసు. అత్తకు ఇంకా చెప్పలేదు, గుండె ఆగిపోతుందేమోనని. నువ్వు ఈ ఉత్తరం కింద పెట్టి లేచి వెళ్ళు. పోలీసుల్ని తీసుకుని వెళ్ళు. బేగి వెళ్ళు.

నీ చెల్లి కూర్మి


పోర్టుబ్లెయిరు
1 ఏప్రిల్ 2016

కూర్మమ్మకు,

ఉత్తరం అందింది. నువ్వు చూసింది చెత్త అయి ఉంటుంది. ఎక్కడెక్కడి ఓడల చెత్తో ఈ దీవులకు కొట్టుకొస్తుంది. అంత ఎత్తు నుంచి చూసి ఏదో ఊహించుకోకు. ఆ నీళ్ళలోకి ఎవరినీ వెళ్ళనివ్వరు, అది అడవి మనుషులకు వదిలేసిన చోటు, వెళితే జైలే. నువ్వు ఎవరికీ చెప్పకు, పోలీసులకు అసలే రాయకు. నేను నెమ్మదిగా కనుక్కుంటాను.

ఒంట్లో బాగుండటం లేదు. ఎక్కువ రాయలేను.

గంగులు


జాలారిపేట
10 ఏప్రిల్ 2016

అన్నా,

నెమ్మదిగానా?

వారం రోజులుగా నాకు నిద్ర లేదు. కూర్చుని ఒకటే లెక్క చూసుకుంటున్నాను. ఉష దగ్గరికి వెళ్ళి, ఆ బొమ్మ మళ్ళీ చూపించమని, కాగితం మీద ఇటు విశాఖ, అటు మీ ఊరు గీయించుకున్నాను.

వెళ్ళేటప్పుడు నన్ను కుడి పక్క కూర్చోమన్నావు. దీవులు ఎడం పక్క ఉన్నాయి. పోనీ, పొరపాటనుకున్నాను. దీవులు ఎడం పక్కన ఉన్నాయని నీ ఇంట్లో నీ ఎదుట కూర్చుని చెప్పాను. అది విన్నాక కూడా తిరిగి వచ్చేటప్పుడు ఎడం పక్కే కూర్చోమన్నావు. విమానం ముఖం తిరిగితే ఎడం పక్కది కుడి పక్కకు వస్తుందని నెట్ సెంటర్లో కూర్చునే చిన్నపిల్లకు తెలిసింది. ఇరవై ఏళ్ళుగా గట్టు ఏ చేతి వైపు ఉందో చూసుకుని పడవ నడిపేవాడికి తెలియదా? చుక్కలు కూడా లేని రోజున గాలి వాసన పట్టి ఇల్లు చేరేవాడివి నువ్వు.

రెండుసార్లూ దీవి లేని వైపే కూర్చోబెట్టావు. నేను ఆ దీవి చూడకూడదు, అంతే కదా నీకు కావలసింది?

ఆ బరకం సంగతి నీకు తెలుసు. మీ బావ సంగతీ తెలుసు. నీళ్ళు నమలకు. బతికున్నాడా, లేడా? ఒక్క మాట రాయి. ఆ ఒక్క మాట కోసమే కదా గాజులు వేసుకుని తిరుగుతున్నాను.

కూర్మమ్మ


పోర్టుబ్లెయిరు
24 ఏప్రిల్ 2016

కూర్మీ,

లేడు.

ఇది రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. తవిటమ్మకు ఈ రోజే చెప్పాను. అది నాతో మాట్లాడటం లేదు.

ఆ రోజు ఇంజను ఆగలేదు. అలకు బావ కొట్టుకుపోనూ లేదు. మేం వెళ్ళకూడని నీళ్ళలోకి వెళ్ళాం. చేప అక్కడే ఉంది. వద్దని బావ అన్నాడు, ఒక్క వల వేసి వచ్చేద్దామని లాక్కెళ్ళింది నేను. గాలి లేచింది. పడవ రాయికి కొట్టుకుంది, బావ కాలు మధ్యలో నలిగిపోయింది. మోకాలి కింద ఎముక బయటికి వచ్చింది. కూర్మం దీవి మీదికి మోసుకెళ్ళి పడుకోబెట్టాను. పడవ కారుతోంది, ఇద్దరినీ మోయదు. నీళ్ళ డబ్బా, బరకం ఆయన దగ్గర పెట్టాను. "బేగి వచ్చీ బావా. నానెక్కడికీ పోన్లే, కాలు నేదు గదా" అన్నాడు. నవ్వించాడు నన్ను.

సాయంత్రానికి ఇక్కడి గట్టుకు చేరాను. అక్కడ యూనిఫారం వాళ్ళు నిలబడి ఉన్నారు. ఎక్కడి నుంచి అని అడిగారు. ఆ దీవి పేరు చెబితే జైలు. నోరు తెరిచాను కూర్మీ, నిజంగా తెరిచాను. తెరిచి, అల కొట్టింది, మా బావ కొట్టుకుపోయాడు అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. రేపు పొద్దున్నే ఎవరిదైనా పడవ తీసుకుని వెళ్ళి నేనే తెచ్చేస్తాను, ఎవరికీ తెలియకుండా పని అయిపోతుంది అనుకున్నాను. మర్నాడు ఎవరూ పడవ ఇవ్వలేదు. ఆ మర్నాడు సముద్రం వెళ్ళనివ్వలేదు. అప్పుడైనా చెప్పొచ్చు. అప్పటికే ఒక అబద్ధం చెప్పి ఉన్నాను.

మూడో రోజున వెళ్ళాను. అప్పటికే అయిపోయింది. డబ్బాలో చుక్క లేదు. నేను పడుకోబెట్టిన చోట లేడు. ఆ కాలుతో ఇసుక మీద పాక్కుంటూ వెళ్ళి బరకం పరిచాడు. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాడు. పాకిన జాడ ఇంకా ఉంది. నేను వస్తానన్న నమ్మకం ఎప్పుడు పోయిందో తెలియదు కానీ విమానాల మీద నమ్మకం పెట్టుకున్నాడు. ఎడం పక్కవాళ్ళు చూస్తారని ఆయనకు తెలుసు కదా. ఆ మూడు రోజులూ పొద్దున్న విమానం వచ్చింది, తిరిగి వెళ్ళింది. కిటికీల దగ్గర మనుషులు కూర్చునే ఉంటారు.

అలలు రాని చోట చేతులతో గొయ్యి తీసి పాతిపెట్టాను. మొలతాడు తీసి దాచాను, మా ట్రంకు పెట్టెలో ఉంది. బరకం మాత్రం ముట్టుకోలేకపోయాను. అందుకే ఇంకా అక్కడుంది.

బర్మా కథ నిన్ను బతికించడానికి అల్లాననుకున్నాను. నన్ను నేను కాపాడుకోవడానికే అల్లాను. నువ్వు ఏ శిక్ష వేస్తే అది.

గంగులు


జాలారిపేట
6 మే 2016

గంగులుకి,

ఉత్తరం అత్తకు చదివాను, ఒక్క ముక్క కూడా దాచకుండా. ఆవిడ ఏడవలేదు. లేచి వెళ్ళి, మూత పెట్టిన కంచం తెచ్చి నా ముందు పెట్టింది. "తినీ. ఇయ్యాల్టి నుండి దాయక్కర్నేదు" అంది. తిన్నాను. ఆయన అన్నం ఆరునెలలుగా కాకులు తిన్నాయి, ఈ రోజు నేను తిన్నాను.

నువ్వు భయపడ్డావు. భయం ఎవరికైనా వస్తుంది, దానికి నిన్ను ఏమీ అనను. ఆయన బతికే ఉండగా రెండు రోజులు నోరు మూసుకున్నావు. ఆయన పోయాక ఆరునెలలు నోరు తెరిచి బర్మా అన్నావు. గుండె మండిపోతోంది. చిన్నప్పుడు నాకు నాన్న లేని లోటు తెలియకుండా పెంచినవాడివి నువ్వే, అది గుర్తొస్తే ఇంకా మండుతోంది. క్షమించానని రాయను. తిట్టు కూడా రాయను.

ఈ ఉత్తరాన్ని పేట పెద్దలు ఒప్పుకోరు. నీళ్ళలో నిలబడి నోటితో చెప్పాలి. నాకు చెప్పిందంతా, వద్దన్నా లాక్కెళ్ళానన్న మాటతో సహా, అత్త వినేలా చెప్పాలి. తర్వాత పోలీసుల దగ్గరికి నువ్వే వెళ్ళు, ఆ దీవి నుంచి ఆయన్ను తీసుకురావాలి. నువ్వు వెళ్ళకపోతే నేను వెళతాను.

ఓడలో రావద్దు. మూడు రోజులు ఆగలేను. ఉష చేత టికెట్టు తీయించి వదిన ఫోనుకు పంపాను. మే ఇరవయ్యో తారీకు, పోర్టుబ్లెయిరు నుంచి విశాఖ. సీటు నేనే ఎంచాను. అయిదో వరస, ఎఫ్. కుడి చెయ్యి వైపు కిటికీ, రెక్క ముందర.

విమానం లేచాక మలుపు తిరుగుతుంది. పెద్ద అడవి వస్తుంది, తర్వాత చిన్న దీవులు. ఆ తర్వాత తాబేలు వీపు. ఎండ కళ్ళలో కొట్టదు, నేను చూశాను. కిటికీ మూత వేయకు. పక్కవాళ్ళు అందంగా ఉందంటారు, ఫోటో తీసుకుంటామని అడుగుతారు. వాళ్ళను తీసుకోనీ, నువ్వు మాత్రం కిటికీ వదలకు. బరకం కనబడకుండా పోయేదాకా చూడు.

మొలతాడు తీసుకురా. గాజులు వేసుకునే ఒడ్డున ఉంటాను. అత్త నా పక్కన ఉంటుంది.

ఈసారి నిద్రపోకు.

కూర్మమ్మ